గోత్రం గడిలో నేను రాసిన మాట

మార్చి 23, 2025. ఆదివారం

మనవాళ్ల మీటింగుకి వెళ్లొచ్చిన ప్రతిసారీ తలస్నానం చెయ్యాలనిపిస్తుంది. ఇవాళా అంతే. అయినా మళ్లీ వెళ్తాను. ఇంట్లో కూర్చుని భానుప్రసాద్ ఫోన్లో రీల్స్ చూసి నవ్వుకోవడం వినేకంటే నయమని కాబోలు. పెళ్లై పంతొమ్మిదేళ్లయింది, ఆ నవ్వు మాత్రం నాకింకా అలవాటు కాలేదు.

శ్రీరామనవమి ఏర్పాట్లు. క్రాన్‌బర్న్‌లో మా తెలుగు వేదికకి ఇదే ఏడాది మొత్తానికీ పెద్ద పండగ. ప్రెసిడెంటు శ్రీపతి అంకుల్. గుండె డాక్టరు, ముప్ఫై అయిదేళ్ల నుంచి ఇక్కడే ఉన్నారు, ఇక్కడి తెలుగువాళ్లలో సగం మందికి మొదటి అద్దె ఇల్లు ఆయన రిఫరెన్స్ మీదే దొరికింది. మాకూ అంతే. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తరు. మనం మర్చిపోకుండా మాత్రం చూసుకుంటారు.

నాకు రెండు పనులు అప్పజెప్పారు. వంటగదిలో థర్మామీటర్ పట్టుకుని తిరగడం. ఫుడ్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉన్నది వేదిక మొత్తానికి నాకొక్కదానికే. ఇంకోటి కల్యాణంలో చదివే గోత్రనామాల లిస్టు. తెలుగు టైపింగ్ వచ్చింది కూడా నాకొక్కదానికే. మూడోది అంకుల్ తనంతట తనే కలిపారు. మే 25న సాహిత్య సభ ఉంది, నువ్వేదో జర్మన్ రిఫార్మర్ మీద పీహెచ్‌డీ చేశావు కదమ్మా, ఆయన పోయి అయిదువందల ఏళ్లట కదా ఈ ఏడాదితో, మనవాళ్లకి కూడా తెలియాలి ఇలాంటివి, అన్నారు.

నేను పొంగిపోయాను. అదే రోత. థీసిస్ ఇచ్చి పన్నెండేళ్లు, యూనిలో ఇప్పటికీ సెమిస్టర్ కాంట్రాక్టే. నా క్లాసుకి పదకొండు మంది వస్తే నలుగురు నిద్రపోతారు. థామస్ ముంట్సర్ గురించి తెలుగులో చెప్తే వినేవాళ్లున్నారనగానే మనసు ఎగిరి గంతేసింది.

మార్చి 29. శనివారం, మధ్యాహ్నం

హాల్లో వంట ట్రయల్. హనుమయ్య వచ్చాడు. నలభై ఆరేళ్లుంటాయి. తెనాలి వైపు ఊరు. జనవరిలో ఆయన పనిచేసే రెస్టారెంటు మూతపడింది. వీసా నిలవాలంటే నూట ఎనభై రోజుల్లో కొత్త స్పాన్సర్ దొరకాలి. అంటే జూలై మధ్యకల్లా. దొరక్కపోతే భార్యనీ, ఇయర్ ఎలెవెన్ చదివే కూతురినీ తీసుకుని వెనక్కి పోవాల్సిందే. శ్రీపతి అంకుల్ అల్లుడు సాకేత్‌కి కేటరింగ్ కంపెనీ ఉంది. ఈయన చేతి పులిహోర తిని ఆఫర్ లెటర్ ఇచ్చేశాడు. మన ఈవెంట్స్ అన్నీ నువ్వే చూసుకోవాలి బాస్ అన్నాడట.

ఆయన చింతపండు నానబోస్తుంటే నేను పక్కన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. సేవ చేసేవాళ్ల పేర్లు కూడా కల్యాణంలో చదువుతారు, మీ గోత్రం చెప్పండి అన్నాను. ఆయన చెయ్యి తుడుచుకుని అటూ ఇటూ చూసి, శివగోత్రం అని రాసేయండి మేడమ్, అన్నాడు.

గోత్రం తెలియనివాళ్లు అలా రాయించడం మామూలే. లిస్టులో అలాంటివి అప్పటికే అయిదారున్నాయి. నేను రాసేసి ఊరుకోవచ్చు. నిజంగా అదేనా అని అడిగాను. ఎందుకడిగానో! ఆయన చిన్నగా నవ్వాడు. మాకు గోత్రాలెక్కడియి మేడమ్, మాది ఊరికి అవతల పేట, మీరు గాబట్టి చెప్తున్నా, అందరూ రాసేదే రాసేయండి, అన్నాడు.

అక్కడితో ఆగలేదు నేను. దాచుకోవాల్సిన ఖర్మేంటండీ అని మొదలుపెట్టి ముంట్సర్ దాకా వెళ్లాను. అయిదువందల ఏళ్ల కింద జర్మనీలో పూజంతా లాటిన్‌లో జరిగేదనీ, గుళ్లో నిలబడ్డ జనానికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదనీ, ఆల్‌స్టెట్ అనే చిన్న ఊళ్లో ఈయన మొత్తం ప్రార్థనని వాళ్ల భాషలోకి మార్చేశాడనీ, ఆ చర్చి మీద తిరుగుబాటు లేపిన లూథర్ కంటే ముందే మార్చాడనీ. చుట్టుపక్కల గనుల్లో పనిచేసేవాళ్లు మైళ్లు నడిచి వచ్చేవాళ్లని చెప్పాను. పక్క సంస్థానం దొర వెళ్లొద్దని హుకుం వేసినా వచ్చేవాళ్లని చెప్పాను. హనుమయ్య మర్యాదగా అంతా విన్నాడు. చింతపండు పిసకాలి మేడమ్, అన్నాడు.

ఏప్రిల్ 2. బుధవారం

లిస్టు పంపాను. కమిటీలో ఏడుగురికీ, భానుప్రసాద్‌తో సహా. అరవై మూడు పేర్లు.

హనుమయ్య పేరు పక్కన గోత్రం గడిలో ఇలా రాశాను: గోత్రం లేదు, ఎస్సీ, ఈ పేరు తప్పనిసరిగా చదవాలి.

రాసి, ఒకసారి చదువుకుని, సెండ్ నొక్కాను. చాలా రోజులకి ఒక మంచి పని చేశాననిపించింది. రాత్రి భోజనంలో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఏప్రిల్ 6. ఆదివారం, ఉదయం 6:10

ఇవాళ్టి నుంచి చలికాలపు టైము, గడియారాలు ఒక గంట వెనక్కి జరిగాయి. భానుప్రసాద్ ఓవెన్ మీది టైమ్ చూసి ఆలస్యమైపోయిందని కేకలు. కాలేదు, పడుకో అన్నాను. హాల్‌కి నేనే ముందు వెళ్తున్నాను.

అదే రోజు, సాయంత్రం

చదవలేదు.

పంతులుగారు నా లిస్టే చదివారు, నా వరుసలోనే చదివారు. హనుమయ్య దగ్గరికి రాగానే ఆగనైనా ఆగలేదు, కింది పేరుకి వెళ్లిపోయారు. కాగితంలో ఆ వరుస ముందే కొట్టేసి ఇచ్చినట్టున్నారు. నేను వంటగది వైపు చూశాను. హనుమయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఏప్రన్ విప్పేసి, తల దువ్వుకుని, రెండు చేతులూ జోడించి. శివగోత్రం అని వినపడుతుందని చూస్తున్నాడు. లిస్టు అయిపోయాక కూడా కాసేపు అలాగే ఉన్నాడు.

శ్యామసుందరి ఆంటీ, అంకుల్ భార్య, స్టోర్ రూములో ఇండక్షన్ స్టవ్ పెట్టి నైవేద్యం వేరే వండింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదిది. ఎందుకాంటీ అంటే, స్వామివారికి మడి ఉండాలి కదమ్మా, అంది. ఆవిడకి మడేంటి! కారులో కాఫీ తాగుతూ వచ్చింది. బూట్లతో స్టోర్ రూములోకి వెళ్లింది. పోయినేడాది నైవేద్యం బయటినుంచి తెప్పించి డబ్బాలో నుంచి గిన్నెలోకి మార్చింది, నేను చూశాను.

హనుమయ్య వండింది నాలుగొందల మంది తిన్నారు. పులిహోర అదిరిపోయింది. కనకరాజు, మా సెక్రటరీ, నా లిస్టు చదివినవాడే, రెండుసార్లు పెట్టించుకుని ఇంటికి డబ్బా కూడా కట్టించుకున్నాడు. వాడు ఆ డబ్బా మూత నొక్కి మరీ బిగించాడు.

ఏప్రిల్ 8. మంగళవారం

సాకేత్ ఆఫర్ వెనక్కి తీసుకున్నాడు. హనుమయ్యకి ఫోన్ చేసి ప్లాన్స్ మారాయి బాస్, ఏమనుకోకు, అన్నాడట. కమిటీ వాట్సాప్‌లో కనకరాజు పెట్టాడు: కిచెన్ టీమ్‌లో చిన్న చేంజ్, అందరూ సహకరించగలరు. కింద దణ్ణం పెట్టే బొమ్మ. దాని కింద ఆరు బొటనవేళ్లు. ఆరోది భానుప్రసాద్‌ది.

ఎందుకు పెట్టావు అని అడిగితే, అందరూ పెట్టారు కదా అన్నాడు. ఫ్రిజ్‌లోంచి పులిహోర తీసి మైక్రోవేవ్‌లో పెట్టుకుంటున్నాడు అప్పుడు.

ఏప్రిల్ 9. బుధవారం

లిస్టులో ఆ మాట రాసింది నేను. హనుమయ్య వద్దన్నాక రాశాను.

ఏప్రిల్ 13. ఆదివారం, సాయంత్రం 4

అంకుల్, ఆంటీ మా ఇంటికొచ్చారు. వాళ్ల చెట్టు పెర్సిమన్ పళ్లు తెచ్చారు ఒక సంచీడు. చాలాసేపు ఆ చెట్టు గురించే మాట్లాడారు. తరవాత ఆంటీ లేచి మా పెరడు చూడ్డానికి వెళ్లింది. అంకుల్ కోటు జేబులోంచి కాగితం తీశారు.

ఇన్సిడెంట్ రిపోర్ట్. ఏప్రిల్ 6న పులిహోరలో వెంట్రుక కనిపించింది, అన్నం సరైన వేడిలో ఉంచలేదు, వంటవాడు పరిశుభ్రత పాటించలేదు. కింద ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్ అని నా పేరు, సంతకానికి గీత. సాకేత్ అప్పటికే హనుమయ్యని స్పాన్సర్ చేస్తానని వీసా ఆఫీసులో నామినేషన్ వేసేశాడట, రాతపూర్వకంగా కారణం లేకుండా వెనక్కి తీసుకుంటే రేపు కంప్లయింట్ అయితే ఇబ్బందని మైగ్రేషన్ ఏజెంట్ అన్నాడట. ఫైల్లో ఉండడానికేనమ్మా, ఎవరూ చూడరు, అన్నారు.

ఆ రోజు నా లాగ్ బుక్కులో అన్నం అరవై ఎనిమిది డిగ్రీలు. అరవై దాటితే చాలు. హనుమయ్య తలకి నెట్ కట్టుకున్నాడు, చేతికి గ్లవ్స్ వేసుకున్నాడు. ఆ వంటగదిలో తల విరబోసుకుని తిరిగింది ఆంటీ ఒక్కతే. అంకుల్‌కి అదే చెప్పాను. ఆయన నవ్వి, అతను మంచివాడేనమ్మా, కాకపోతే మనకి ఫిట్ కాడు, అన్నారు. ఎందుకు ఫిట్ కాడో అడిగాను. నీకు తెలియనిదేముంది, అన్నారు. ఆ మాట మాత్రం నోట్లోంచి రానివ్వలేదు. ముప్ఫై అయిదేళ్లు ఈ దేశంలో ఉండి నేర్చుకున్నది అదొక్కటే, ఏ మాట నోట్లోంచి రాకూడదో.

నేనేం చేశాను? కాఫీ ఇచ్చాను. ఆలోచిస్తానంకుల్ అన్నాను. గేటు దాకా వెళ్లి సాగనంపాను కూడా. ఛీ.

ఏప్రిల్ 14. సోమవారం

ప్రసంగం రాద్దామని కూర్చున్నాను. లూథర్ దగ్గర ఆగిపోయాను. మొదట్లో ఇద్దరూ ఒకటే. తరవాత లూథర్‌కి దొరల అండ దొరికింది, ముంట్సర్‌కి దొరకలేదు, దొరికినా ఉంచుకునే మనిషి కాదు. దొరల ముందే నిలబడి, మీరు సరిగ్గా లేకపోతే కత్తి మీ చేతిలోంచి పోతుందని ప్రసంగం చేసి వచ్చాడు. లూథర్‌ని సుఖం మరిగినవాడని తిట్టాడు. రైతులు తిరగబడ్డప్పుడు లూథర్ వాళ్లని నరకమని దొరలకి రాశాడు.

పన్నెండేళ్లుగా నేను ముంట్సర్ పక్షమని చెప్పుకు తిరుగుతున్నాను. నిన్న సాయంత్రం మా ఇంట్లో అంకుల్‌కి కాఫీ కలిపింది ఎవరు మరి? పెర్సిమన్లు తీసుకెళ్లి రీసైక్లింగ్ బిన్‌లో పడేశాను. పళ్లు, ఆకులు ఆకుపచ్చ బిన్‌లో వెయ్యాలి. మళ్లీ తీసి అందులో వేశాను.

ఏప్రిల్ 24. గురువారం

స్కూళ్లు తెరిచారు. మా సింధుజ వస్తూనే బ్యాగు విసిరేసింది. హనుమయ్య కూతురు అపూర్వ మా అమ్మాయి స్కూలే, ఒక క్లాసు పైన. బస్సులో మన పిల్లలే ఎవరో అపూర్వ దగ్గరికెళ్లి, ఆర్ యూ ఎస్సీ అని అడిగారట. ఆ పిల్లకి అర్థంకాక, సబ్జెక్ట్ కోడ్ అనుకుని, నో, ఐ డూ బయాలజీ అందట. వాళ్లు నవ్వారట. ఒకడి ఫోన్లో స్క్రీన్‌షాట్ ఉందట.

నా లిస్టు స్క్రీన్‌షాట్!

సింధుజ ఇంగ్లీషులో అడిగింది, అది నువ్వే రాశావా అని. అవునన్నాను. ఆ పేరు చదవాలనే రాశావా అని అడిగింది. ఆయన పేరు చదవాలనే అన్నాను. వాళ్లు రాయమన్నారా అని అడిగింది. వద్దన్నారు అన్నాను. అది నన్ను అలా చూడడం ఎప్పుడూ చూడలేదు. దానికి పదహారేళ్లు. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. విసిరేసిన బ్యాగు తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది.

మే 1. గురువారం

యూనిలో క్లాసు చెప్పాను. ముంట్సర్ పేరు ఎత్తినప్పుడల్లా నా గొంతు నాకే పడలేదు.

మే 4. ఆదివారం

హనుమయ్య ఇంటికెళ్లాను. క్రాన్‌బర్న్ వెస్ట్‌లో చిన్న యూనిట్. లోపల ఎక్కడా ఒక వస్తువు పక్కకి లేదు. ఆయన భార్య టీ ఇచ్చింది, కూర్చోలేదు, లోపలికి వెళ్లిపోయింది. అపూర్వ గది తలుపు వేసే ఉంది.

లిస్టులో ఆ మాట రాసింది నేనేనని చెప్పాను. ఆయన, తెలుసు మేడమ్, అన్నాడు. ఎప్పటినుంచి అంటే, ఆ రోజు పేరు చదవకపోతేనే తెలిసింది, మీకు తప్ప నేనెవరికీ చెప్పలా, అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

క్షమించమన్నాను. సరే సరే అన్నాడు. అంతటితో లేచి రావాలి కదా నేను! రాలేదు. నా బ్యాగులోంచి కాగితాలు తీశాను. ఎక్కడెక్కడ కంప్లయింట్ పెట్టొచ్చో, ఏ కమిషన్, ఏ సెక్షన్, లాగ్ బుక్ జిరాక్సు, అన్నీ ఫోల్డర్లో పెట్టుకెళ్లాను. సాక్షిగా నేనుంటాను అన్నాను. ఇది మీ ఒక్కరి సంగతి కాదు, ఇక్కడ ఇలాంటివి ఎన్ని జరుగుతున్నాయో, ఒకళ్లైనా నిలబడాలి అన్నాను. ఒకళ్లైనా అట. ఆ ఒకళ్లు నేను కానప్పుడు ఎంత తేలిగ్గా వస్తుందో ఆ మాట.

ఆయన ఫోల్డర్ ముట్టుకోలేదు. ఎన్ని నెల్లు పట్టుద్ది మేడమ్, అని అడిగాడు. ఏడాది పట్టొచ్చన్నాను. నాకు డెబ్బై రోజులున్నయి, అన్నాడు. అప్పుడు లోపల్నుంచి ఆవిడ వచ్చి నా టీ కప్పు తీసుకెళ్లింది. ఇంకా సగం ఉంది అందులో.

మే 5. సోమవారం

ఫ్రాంకెన్‌హౌజెన్ యుద్ధం గురించి రాయాలి. గుట్ట మీద రైతులు, కొడవళ్లు, కర్రలు. కింద దొరల ఫిరంగులు. ముంట్సర్ ప్రసంగం చేస్తున్నాడు. ఆకాశంలో సూర్యుడి చుట్టూ వలయం కనపడితే దేవుడు మన పక్షమన్నాడు. ఫిరంగి గుళ్లు నా చొక్కా చేతుల్లో పట్టేస్తానన్నాడని కూడా రాశారు. శత్రువులు రాసిన మాట, నిజమో కాదో. ఒక్క రోజులో వేలమంది చచ్చారు. ఆయన పారిపోయి ఊళ్లో ఒకరి ఇంటి అటక మీద మంచమెక్కి, జబ్బుమనిషినని పడుకున్నాడు. సంచిలో ఉత్తరాలుండి దొరికిపోయాడు.

థీసిస్‌లో ఆ అటక మీద రెండు వాక్యాలు రాసి దాటేశాను. ఎందుకు దాటేశానో ఇవాళ అర్థమైంది. ఆయన్ని తలుచుకున్నా అసహ్యంగానే ఉంది. గుట్ట మీద చచ్చింది మాత్రం ఆయన నిలబడమన్నవాళ్లు.

మే 10. శనివారం, ఉదయం 11

హనుమయ్య మా ఇంటికొచ్చాడు. లోపలికి రానన్నాడు. గరాజ్ దగ్గరే నిలబడ్డాడు. భానుప్రసాద్ గడ్డి కోస్తున్నవాడు మెషిన్ ఆపి, హాయ్ అండీ అని, మళ్లీ మొదలుపెట్టాడు. ఆ మోత మధ్యే మాట్లాడుకున్నాం.

దేశం అటు చివర పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో, శ్రీపతి అంకుల్ స్నేహితుడికి రెస్టారెంటు ఉందట. వంటవాడు కావాలట. అంకుల్ ఒక్క మాట చెప్తే స్పాన్సర్ చేస్తాడు. కానీ సాకేత్ ఫైలు మూతపడేదాకా అంకుల్ ఫోన్ చెయ్యరు. ఫైలు మూతపడాలంటే నా సంతకం కావాలి.

నేను అరిచాను. అది అబద్ధం హనుమయ్యగారూ, మీ పులిహోరలో వెంట్రుక లేదు, పాతికేళ్లుగా వంట చేస్తున్న మనిషి మురికివాడని నేను సంతకం పెట్టాలా అన్నాను. పెట్టండి అన్నాడు. నా అరుపులకి మెషిన్ ఆగింది, మళ్లీ మొదలైంది.

వెంట్రుకదేముంది మేడమ్, ఎవరి వంటలోనైనా వస్తది, దులిపేసుకుంటే పోద్ది, అన్నాడు. లిస్టులో మీరు రాసింది మాత్రం పోదు. మా పాప బస్సెక్కటంలా, నడిచి పోతంది, నలభై నిమిషాలు. పెర్త్‌లో మేమెవరికీ తెలవదు, పోయి మళ్లీ మొదలెట్టుకుంటాం, అన్నాడు. మీరు మంచోళ్లే, మీ మంచి మీదగ్గరుంచుకుని నాకు కావాల్సింది చేసిపెట్టండి, అన్నాడు.

ఇయర్ ఎలెవెన్ మధ్యలో రాష్ట్రం మారితే పిల్ల చదువు ఏమవుతుందో నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

మే 12. సోమవారం

పట్టుకున్నాక ముంట్సర్‌ని చిత్రహింస పెట్టారు. ఆయన తప్పులన్నీ ఒప్పుకున్నట్టు, మళ్లీ పాత మతంలోకి వస్తున్నట్టు ఒక కాగితం తయారైంది. దాని మీద ఆయన సంతకం లేదు. నిజంగా చెప్పాడా, గెలిచినవాళ్లే రాసుకున్నారా అని అయిదువందల ఏళ్ల నుంచి తగాదా. నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం అదే. ఒప్పుకోలేదని వాదించాను. గట్టిగా వాదించాను. ఎగ్జామినర్ మెచ్చుకున్నాడు.

ఆయన భార్య ఒటీలీ గురించి ఫుట్‌నోట్ ఒకటి రాశాను. సన్యాసినిగా ఉండి బయటికొచ్చి ఆయన్ని పెళ్లి చేసుకున్న మనిషి. ఆయన్ని చంపేసరికి గర్భవతి. తరవాత ఆవిడ గెలిచిన దొరకి ఉత్తరం రాసింది, దయ చూపించమని. పరిశోధకులందరూ ఆ ఉత్తరాన్ని అయ్యోపాపం అని దాటేస్తారు. నేనూ దాటేశాను. ఆవిడకి మాత్రం కాగితం మీద ఏ మాట ఉందో కాదు కావాల్సింది, రేపు ఎక్కడ పడుకోవాలో.

మే 15. గురువారం

ఫ్రాంకెన్‌హౌజెన్‌కి ఇవాళ్టితో అయిదువందల ఏళ్లు.

అంకుల్ క్లినిక్‌కి వెళ్లి సంతకం పెట్టాను. రిసెప్షన్‌లో అమ్మాయి పెన్ను ఇచ్చింది. అంకుల్ పేషెంట్‌తో ఉన్నారు, బయటికొచ్చి నా భుజం తట్టి, తెలివైనదానివమ్మా, అన్నారు. నా ముందే కానింగ్ వేల్‌కి ఫోన్ చెయ్యమన్నాను. చేస్తే గానీ కాగితం వదలనన్నాను. ఆయన మొహం మారింది, కానీ చేశారు. మంచి వంటవాడు, నమ్మకస్తుడు, నీట్ మనిషి అని చెప్పారు ఫోన్లో. నీట్ మనిషి అట! ఆ కాగితం నా చేతిలో అట్లా ఉండగానే అన్నారు.

కారులోకి వచ్చి కూర్చున్నాను. సంతకం పెట్టేశానని భానుప్రసాద్‌కి మెసేజ్ పెట్టాను. బొటనవేలు పంపాడు.

మే 25. ఆదివారం, సాయంత్రం

మాట్లాడాను. ఇరవై నిమిషాలన్నారు, ముప్ఫై అయిదు నిమిషాలు మాట్లాడాను. మానేద్దామనుకున్నాను. మానేస్తే సంతకంతో నా చెయ్యి కడిగేసుకున్నట్టు ఉంటుందని వెళ్లాను.

నిజం చెప్పాలి, బాగా మాట్లాడాను. ముంట్సర్ మొహం ఎలా ఉండేదో కూడా మనకి తెలియదని, ఇప్పుడు అందరూ చూసే బొమ్మ ఆయన పోయిన ఎనభై ఏళ్లకి ఎవరో గీసిందని చెప్పాను. తూర్పు జర్మనీవాళ్లు ఆ తెలియని మొహాన్నే నోటు మీద అచ్చు వేశారని, ఆ దేశమూ పోయిందని, ఆ నోటూ పోయిందని చెప్పాను. ఎవరికి కావాల్సిన ముంట్సర్‌ని వాళ్లు తయారుచేసుకున్నారని, నేనూ ఒకణ్ణి తయారుచేసుకున్నానని చెప్పాను. తరవాత కాగితాలు మడిచి అసలు సంగతి చెప్పాను. ఇక్కడే, ఈ హాల్లోనే, ఒక మనిషి పేరు లిస్టులోంచి కొట్టేశారన్నాను. ఆయన వండింది మనం తిన్నామన్నాను. అబద్ధపు కాగితం ఒకటి తయారైందని, దాని మీద సంతకం నాదేనని చెప్పాను. ఆయన పేరు చెప్పలేదు. నా పేరు చెప్పాను, మూడుసార్లు.

లేచి వెళ్లిపోతారనుకున్నాను. తిడతారనుకున్నాను. మైకు కట్ చేస్తారనుకున్నాను.

చప్పట్లు కొట్టారు! శ్యామసుందరి ఆంటీ కళ్లు తుడుచుకుని, ఎంత బాగా చెప్పావమ్మా, గుండె పిండేసింది, అంది. కనకరాజు వీడియో తీశాడు, గ్రూపులో పెడతాడట. శ్రీపతి అంకుల్ మైకు తీసుకుని, ఇలాంటి ఆత్మవిమర్శ మన కమ్యూనిటీకి చాలా అవసరం, అన్నారు. శాలువా కప్పారు. తరవాత సమోసాలు.

ఆ శాలువా భుజం మీద ఉండగానే వాష్‌రూమ్‌కి వెళ్లి కక్కాను. మాటవరసకి కాదు, నిజంగానే.

మే 27. మంగళవారం

ముంట్సర్ తల నరికింది ఇవాళే. కనకరాజుతో ఆ వీడియో గ్రూపులోంచి తీయించేశాను, అప్పటికే రెండొందల మంది చూశారట.

జూన్ 22. ఆదివారం

వాళ్లు పెర్త్ వెళ్లి రెండు వారాలైంది. స్పాన్సర్‌షిప్ కాగితాలు వేశారని సింధుజ చెప్పింది. అపూర్వ దానికి ఎప్పుడైనా మెసేజ్ పెడుతుంది, నా సంగతి మాత్రం ఎత్తదు.

ఇవాళ హనుమయ్య నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వంటగది చప్పుడు వెనకాల. బాగున్నాం మేడమ్, మీరు చేసిన సాయం మర్చిపోను, అన్నాడు. ఒక్క మాట, ఏమనుకోవద్దు, అన్నాడు. ఇక్కడ మా సంగతి ఎవరికీ తెలవదు, తెలిసిన మనిషి మీరొక్కళ్లే నా ఫోన్లో ఉన్నారు, అందుకని మీ నంబర్ తీసేస్తన్నా, మీరు కూడా నాది తీసేయండి, అన్నాడు. ఎప్పుడన్నా ఎక్కడన్నా కనబడ్డా పలకరించొద్దు. ఉంటా మేడమ్.

మూడుసార్లు విన్నాను. తరవాత తీసేశాను, మెసేజ్, నంబర్, రెండూ.

జూన్ 24. మంగళవారం

పాత డైరీ చింపేశాను. ఇది ఆయన్ని ఎవరూ గుర్తుపట్టకుండా మొదటి నుంచీ మళ్లీ రాసింది. రెండు రోజులు పట్టింది. ఆయన పేరు హనుమయ్య కాదు. తెనాలి కాదు. పెర్త్ కాదు. పులిహోర కూడా కాదు.